సాఫ్ట్‌వేరుకు వేయు మాసికలు

ఒక హైస్కూలు ఉపాధ్యాయుడు ఒకే పాఠ్యపుస్తకమును పది సంవత్సరములుగా బోధించుచున్నాడనుకొనుడు. ఆ పుస్తకపు అంచులలో అతడు అచ్చుతప్పులు దిద్దుకొనెను. లెక్కలకు తప్పుగా ఇచ్చిన జవాబులను సవరించుకొనెను. తన ఊరి పిల్లలకు తెలిసిన ఉదాహరణలను చేర్చుకొనెను. ఇంతలో ఆ పుస్తకమునకు క్రొత్త కూర్పు వెలువడినది. కొన్ని తప్పులను ప్రచురణకర్తలే దిద్దిరి. కొన్ని పుటలు ముందువెనుకలైనవి. ఒక అధ్యాయము పూర్తిగా మారిపోయినది. ఇప్పుడతడు ఏమి చేయవలెను? పాత ప్రతినే ఉంచుకొన్నచో క్రొత్త విషయములు దక్కవు. క్రొత్త ప్రతిని తీసికొన్నచో పదేండ్ల శ్రమ పోవును.

కంప్యూటరు వాడువారికి ఈ చిక్కు నిత్యమును కలుగుచుండును. సాఫ్ట్‌వేరును తయారుచేయువారు దానిని అందరికిని ఒకే విధముగా తయారుచేసి పంపుదురు. తెచ్చుకొన్నవారు తమ అవసరమును బట్టి అందులో కొంత మార్చుకొందురు. కొన్నాళ్లకు తయారుచేసినవారు లోపములను దిద్ది క్రొత్త కూర్పును పంపుదురు. ఆ క్రొత్త కూర్పు పాతదాని స్థానమున వచ్చి కూర్చున్నప్పుడు స్థానికముగా చేసికొన్న మార్పులు తుడిచిపెట్టుకొని పోవును. అట్లు పోకుండ కాపాడుకొనుటకు మానవుడు చేసిన ప్రయత్నముల చరిత్ర ఇంచుమించు కంప్యూటరు చరిత్రయంత పాతది.

కాగితపు పట్టీపై అతుకు

ప్రోగ్రామునకు చేయు చిన్న సవరణను నేడు ప్రపంచమంతటను 'ప్యాచ్' అని వ్యవహరించుచున్నారు. చిరిగిన బట్టకు వేయు మాసికకు ఇంగ్లీషులో అదే పేరు. ఇది కవితాత్మకముగా పుట్టిన మాట కాదు. తొలినాళ్లలో సవరణ నిజముగా అతుకే.

1944లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చేరిన మార్క్ 1 యంత్రమును హోవర్డు ఐకెన్ సంకల్పింపగా ఐ.బి.యం. సంస్థ నిర్మించినది. ఆ యంత్రము తాను చేయవలసిన పనులను చిల్లులు పొడిచిన కాగితపు పట్టీనుండి చదువుకొనెడిది. పట్టీపై ఒక వరుసలోని చిల్లులు ఒక ఆజ్ఞ. ఆజ్ఞలో తప్పు దొరలినచో పట్టీనంతటిని మరల తయారుచేయుట వృథా ప్రయాస. కావున తప్పు చిల్లులపై చిన్న కాగితపు ముక్కను అంటించి మూసివేసెడివారు. అవసరమైనచోట క్రొత్త చిల్లులు పొడిచెడివారు. ఇట్టి అతుకులుగల పట్టీలు నేటికిని భద్రపరుపబడియున్నవి.

ఈ పద్ధతిలో సౌలభ్యమున్నది, లోపమును ఉన్నది. మాసిక బట్టతో కలిసి ఒకటైపోవును. ఆ పట్టీకి బదులుగా వేరొక పట్టీ వచ్చినచో, పాతదానిపై ఎచ్చటెచ్చట ఏయే అతుకులు వేసిరో, ఎందుకు వేసిరో తెలిపెడు ఆధారము వేరుగా ఉండదు. మార్పు చేయుట సులభమే. చేసిన మార్పును ప్రత్యేకముగా గుర్తుంచుకొనుట కష్టము. తరువాతి ఎనుబది సంవత్సరముల చరిత్ర యంతయు ఈ రెండవ పనిని నేర్చుకొన్న చరిత్రయే.

కార్డులపై వరుస సంఖ్యలు

1950 తరువాత ప్రోగ్రాములను చిల్లుల కార్డులపై ఉంచుట సామాన్యమైనది. ఒక్కొక్క కార్డులో 80 నిలువు వరుసలుండెడివి. ప్రోగ్రాములోని ఒక పంక్తికి ఒక కార్డు. పెద్ద ప్రోగ్రామునకు వేల కార్డులు. చేయి జారి కార్డుల కట్ట క్రింద పడినచో వరుస తప్పును గదా! అందువలన 73 మొదలు 80 వరకు గల వరుసలను సంఖ్య వేయుటకు కేటాయించిరి. ఈ సంఖ్యలను 1, 2, 3 అని కాక 10, 20, 30 అని వేసెడివారు. నడుమ క్రొత్త కార్డులు చేర్చవలసినప్పుడు 11, 12 అను సంఖ్యలు ఖాళీగా ఉండును.

పడిపోయిన కార్డులను సర్దుకొనుటకై పుట్టిన ఈ యేర్పాటు మార్పులను కాపాడుకొనుటకు మిక్కిలి ఉపకరించినది. '250వ పంక్తిని తీసివేయుము. 310వ పంక్తి తరువాత ఈ రెండు పంక్తులను చేర్చుము' అని మార్పులను వేరొక చిన్న కట్టగా వ్రాసి ఉంచుకొనవచ్చును. మూలమును ముట్టనక్కరలేదు. పెద్ద కట్టను, చిన్న కట్టను కలిపి చదివి సవరించిన ప్రతిని తయారుచేయు పనిని యంత్రమే చేయును. మార్పు అనునది మార్పు పొందిన వస్తువునుండి విడివడి, చేతికందు ప్రత్యేక పదార్థమైనది ఇచ్చటనే.

ఆనాడు ఐ.బి.యం. వారి 704 యంత్రమును తెచ్చుకొన్న సంస్థలు 1955లో 'షేర్' అను పేరుతో ఒక సంఘముగా ఏర్పడి, తాము వ్రాసికొన్న ప్రోగ్రాములను, సవరణలను ఒకరికొకరు ఇచ్చుకొనుచుండెను. ప్రోగ్రాముల మూలపాఠమును, అనగా మనుష్యులు చదువగల రూపమును, యంత్రముతోపాటు ఇచ్చుట ఆనాటి వాడుక. కావున వాడుకరులు దిద్దుకొనుటకు అడ్డు లేకుండెను.

అయితే సంఖ్యలపై ఆధారపడుటలో ఒక అపాయము కలదు. తయారుచేసినవారు క్రొత్త కూర్పులో పంక్తులకు మరల మొదటినుండి సంఖ్యలు వేసినచో, వాడుకరి చిన్న కట్టలోని '250వ పంక్తి' అను గుర్తు వేరొక పంక్తిని చూపును. తీసివేయవలసినది ఉండిపోవును, ఉండవలసినది పోవును.

మార్పులకు ఖాతా పుస్తకము

1964లో ఐ.బి.యం. సంస్థ సిస్టం 360 అను యంత్రముల కుటుంబమును ప్రకటించినది. దానిని నడపు సాఫ్ట్‌వేరు అంతకుముందు ఎన్నడును లేనంత పెద్దది. దానిలోని లోపములకు తయారీదారులు పంపు సవరణలకు 'ప్రోగ్రాముల తాత్కాలిక సవరణ' అని అర్థము వచ్చు పేరుండెడిది. పేరున తాత్కాలికములే గాని అవి ఎడతెగక వచ్చుచుండెను. ఒక్కొక్క కేంద్రములో వాడుకరులు చేసికొన్న మార్పులు వీటికి తోడు. ఏది దేనిపై పడినదో చెప్పుట కష్టమైనది.

ఇందుకు విరుగుడుగా 1970వ దశకములో ఐ.బి.యం. వారి పెద్ద యంత్రములయందు 'సిస్టం మాడిఫికేషన్ ప్రోగ్రాము' వాడుకలోనికి వచ్చినది. దీనిని మార్పుల ఖాతా పుస్తకమని చెప్పవచ్చును. సాఫ్ట్‌వేరులోని ప్రతి భాగమునకును అందులో ఒక పద్దు ఉండును. ఆ భాగమును మొదట ఏ ఉత్పత్తి తెచ్చినది, చివరిసారిగా ఏ సవరణ పూర్తిగా మార్చినది, ఆపైన ఏయే చిన్న మార్పులు పడినవి అను మూడు విషయములు ఆ పద్దులో నమోదగును. వాడుకరి సొంతముగా చేసికొను మార్పునకు గూడ ఒక రకమును, ఒక పేరును కేటాయించిరి. తయారీదారు పంపిన సవరణ ఒక భాగమును మార్చబోవునప్పుడు, దానిపై వాడుకరి మార్పు ముందే ఉన్నచో ఖాతా ఆ సంగతిని కనుగొని హెచ్చరించును.

ఇందులో మరియొక వివేకము గలదు. సాఫ్ట్‌వేరు రెండు ప్రతులుగా ఉండును. ఒకటి నిత్యము పనిచేయు ప్రతి. రెండవది వెనుకకు మరలవలసివచ్చినచో ఆధారపడుటకు ఉంచుకొనెడు ప్రతి. సవరణను మొదట పనిచేయు ప్రతిపై వేసి చూతురు. అది బాగుగా నిలిచిన పిమ్మట రెండవ ప్రతిలో చేర్తురు. సొంత మార్పులను మాత్రము అనుభవజ్ఞులు రెండవ ప్రతిలో చేర్చరు. ఏలయన తయారీదారు సవరణ వచ్చినప్పుడు సొంత మార్పును ఊడదీసి, సవరణను వేసి, దానిపై సొంత మార్పును మరల వేయవలసియుండును.

మూలపాఠము మూతపడుట

1972లో వెలువడిన వి.యం. 370 అను ఐ.బి.యం. సాఫ్ట్‌వేరు మూలపాఠముతోనే వాడుకరులకు అందెను. తయారీదారు సవరణలు, స్థానిక మార్పులు వేర్వేరు ఫైళ్లుగా ఉండి, ఏ వరుసలో ఒకదానిపై నొకటి వేయవలెనో తెలుపు జాబితా మరియొక ఫైలుగా ఉండెడిది. విశ్వవిద్యాలయములలోని వారు ఈ పద్ధతిని ఆధారము చేసికొని ఎన్నో మెరుగులు దిద్ది ఒకరికొకరు పంచుకొనిరి.

ఇంతలో కాలము మారినది. 1969లోనే ఐ.బి.యం. సంస్థ సాఫ్ట్‌వేరుకు యంత్రముతో సంబంధము లేకుండ వేరుగా వెల కట్టుటకు నిర్ణయించియుండెను. 1983లో, ఇకమీదట ప్రోగ్రాములను యంత్రభాషారూపమున మాత్రమే ఇచ్చు విధానమును ప్రకటించినది. వాడుకరులు గట్టిగా అభ్యంతరము చెప్పిరి. వారి వాదము సామాన్యమైనది: చదువ వీలులేని దానిని దిద్దుకొనుట ఎట్లు? తయారీదారుల వైపునను కారణములుండెను. మూలపాఠము వ్యాపార రహస్యము. పైగా ఒక్కొక్క వాడుకరి ఒక్కొక్క విధముగా మార్చుకొన్నచో ఎవరి యంత్రము ఎందువలన ఆగినదో తేల్చుట దుర్ఘటము. తయారీదారు సౌకర్యమునకును వాడుకరి స్వేచ్ఛకును నడుమ గల ఈ పెనుగులాట నేటికిని తీరలేదు. ఇట్టి వాతావరణములోనే మూలపాఠమును అందరికిని విడిచిపెట్టవలెనను ఉద్యమము సైతము బలపడెను.

డిఫ్, ప్యాచ్

బెల్ ప్రయోగశాలలలో యూనిక్స్ అను సాఫ్ట్‌వేరును నిర్మించినవారు సంఖ్యలు లేని పంక్తులతోనే పనిచేసిరి. రెండు ఫైళ్లలో గల భేదములను కనుగొను 'డిఫ్' అను పనిముట్టును డగ్లస్ మెకిల్‌రాయ్ నిర్మించెను. అది 1974 నాటి యూనిక్స్ కూర్పుతో వెలువడినది. దాని గణితపద్ధతిని 1976లో అతడును జేమ్స్ హంట్‌ను కలిసి వివరించిరి. రెండు ప్రతులలోను అదే వరుసలో కనబడు పంక్తులలో అత్యంత దీర్ఘమైన శ్రేణిని మొదట కనుగొనవలెను. ఆ శ్రేణిలో చేరక మిగిలినవే భేదములు. ఇదే దానిలోని కీలకము.

డిఫ్ భేదమును వ్రాసిపెట్టును. ఆ వ్రాతను మరల మూలమునకు వర్తింపజేయు పనిముట్టు కావలసియుండెను. 1985 మే నెలలో లారీ వాల్ 'ప్యాచ్' అను ప్రోగ్రామును ప్రకటించెను. దాని గొప్పదనము సంఖ్యలను గుడ్డిగా నమ్మకుండుటలో గలదు. మార్పుతోపాటు దాని చుట్టుప్రక్కల గల కొన్ని పంక్తులు కూడ మార్పుల ఫైలులో ఉండును. క్రొత్త కూర్పులో ఆ తావు ఇరువది పంక్తులు క్రిందికి జరిగినను, చుట్టుపంక్తులను బట్టి ప్యాచ్ దానిని వెదకి పట్టుకొనును. చుట్టుపంక్తులు కొంచెము మారినను సరిపెట్టుకొనును. ఎంత వెదకినను తావు దొరకనిచో ఆ మార్పును తోసిపుచ్చి వేరొక ఫైలులో ఉంచి మనిషికి అప్పగించును. కార్డుల కాలమునాటి అపాయము ఇట్లు చాలవరకు తీరినది. క్రొత్తవానికి దారి చెప్పునప్పుడు ఇంటి నంబరు చెప్పుట ఒక పద్ధతి. 'రావిచెట్టునకు ఎదురుగా, బావి ప్రక్కన' అని చెప్పుట వేరొక పద్ధతి. నంబర్లు మారినను చెట్టు, బావి ఉన్నచో ఇల్లు దొరకును.

మూడు ప్రతుల పోలిక

చుట్టుపంక్తులు మార్పు పడవలసిన తావును చూపునే గాని, ఏ మార్పు ఎవరిదో చెప్పవు. దానికి కావలసినది మూడవ ప్రతి. ఒక చిన్న ఉదాహరణతో దీనిని గ్రహింపవచ్చును.

ఒక ప్రోగ్రాముతో వచ్చిన అమరిక ఫైలులో రెండు పంక్తులున్నవనుకొనుడు: 'కాగితము: లెటర్', 'నిరీక్షణ: 30 నిమిషములు'. లెటర్ అనునది అమెరికాలో వాడు కాగితపు కొలత. మన దేశమున వాడునది ఎ-4. కావున ఒక పాఠశాలవారు మొదటి పంక్తిని 'ఎ-4' అని మార్చుకొనిరి. క్రొత్త కూర్పులో తయారీదారు రెండవ పంక్తిని '15 నిమిషములు' అని మార్చెను. ఇప్పుడు పాఠశాల ఫైలును క్రొత్త ఫైలుతో పోల్చినచో రెండు పంక్తులలోను భేదము కనబడును. కాని ఎవరు దేనిని మార్చిరో తెలియదు. పాత మూలప్రతి చేత నున్నచో మాత్రము వెంటనే తేలును. కాగితమును మార్చినది పాఠశాల. కాలమును మార్చినది తయారీదారు. కావున 'ఎ-4', '15 నిమిషములు' అని రెండు మార్పులును నిలుపవచ్చును. ఇద్దరును ఒకే పంక్తిని వేర్వేరుగా మార్చినప్పుడు మాత్రమే మనిషి తీర్పు అవసరము.

తాళపత్ర ప్రతులను పరిష్కరించు పండితులకు ఈ సూత్రము క్రొత్తది కాదు. రెండు ప్రతులలో పాఠభేదమున్నప్పుడు వాటికి మాతృక దొరకినచో ఏ లేఖకుడు మార్చెనో తెలియును. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులో మూడు ఫైళ్లను పోల్చు 'డిఫ్ 3' చేరినది. 1982లో వాల్టర్ టిషీ నిర్మించిన ఆర్.సి.యస్., 1986లో డిక్ గ్రూన్ ప్రారంభింపగా 1989లో బ్రయన్ బెర్లినర్ తిరిగి వ్రాసిన సి.వి.యస్. ఈ పోలికను నిత్యకృత్యముగా చేసినవి. సి.వి.యస్.లో 'విక్రేత శాఖ' అను ఏర్పాటు కలదు. బయటినుండి వచ్చు కూర్పులు ఆ శాఖపై ఒకదాని తరువాత నొకటి చేరుచుండును; సొంత మార్పులు వేరొక శాఖపై నడచును; క్రొత్త కూర్పు వచ్చినప్పుడెల్ల రెండింటిని కలుపుదురు. 2005లో లీనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ ఈ పనిని ఇంకను వేగవంతము చేసినది.

ప్రోగ్రాములు వ్రాయనివారికి సైతము ఈ సూత్రము ఉపకరించినది. 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అను లినక్స్ సంపుటి దీనికి మంచి నిదర్శనము. అందులో ప్యాకేజీతో వచ్చిన ప్రతి అమరిక ఫైలునకును ఒక వ్రేలిముద్ర వంటి సంఖ్యను లెక్కకట్టి దాచుదురు. క్రొత్త ప్యాకేజీ వచ్చినప్పుడు దాచిన ముద్రను, యంత్రముపై నున్న ఫైలు ముద్రను, క్రొత్త ఫైలు ముద్రను పోల్తురు. వాడుకరి మార్చనిచో క్రొత్త ఫైలు నిశ్శబ్దముగా చేరును. తయారీదారు మార్చనిచో వాడుకరి ఫైలు నిశ్శబ్దముగా నిలుచును. ఇద్దరును మార్చినప్పుడే ప్రశ్న వచ్చును. వాడుకరి ఏమియు చెప్పక ముందుకు సాగినచో అతని ఫైలునే ఉంచుదురు. స్థానికుని శ్రమకు మొదటి మర్యాద అను న్యాయము ఇందులో ఇమిడియున్నది.

చోటు విడిచి కట్టుట

కలుపుట కంటె తాకకుండుట మేలు. ఈ యాలోచనతో తయారీదారులు తమ నిర్మాణములలోనే వాడుకరికి ఒక గది కేటాయింపసాగిరి. 1994లో మొదట వెలువడిన లినక్స్ డైరెక్టరీల ప్రమాణమును, దానిని అనుసరించిన ప్రమాణమును 'లోకల్' అను పేరుగల డైరెక్టరీని స్థానికులకే విడిచినవి. సిస్టం నవీకరణ దానిలోని వాటిని చెరుపరాదు. 2010లో వెలువడిన సిస్టం‌డి మరియొక అడుగు వేసినది. తయారీదారు అమరికలు ఒకచోట, వాడుకరి అమరికలు వేరొకచోట ఉండును. ఒకే విషయమున రెండును మాటాడినచో వాడుకరిదే చెల్లును. మార్చిన ఒక్క పంక్తిని మాత్రము చిన్న ఫైలుగా వ్రాసినచో చాలును. కార్డుల కాలపు చిన్న కట్టయే ఇచ్చట క్రొత్త రూపమున కనబడుచున్నది.

నిలిచిన మాసిక, దాగిన చిల్లు

మార్పు నిలిచినంత మాత్రమున మేలు కలుగునని చెప్పరాదు. 2006లో డెబియన్ వారు ఓపెన్ యస్.యస్.యల్. అను రహస్యలేఖన ప్రోగ్రామునకు ఒక స్థానిక మార్పు చేసిరి. తప్పులను వెదకు ఒక పనిముట్టు ఆ ప్రోగ్రామును పరీక్షించినప్పుడు కొన్ని హెచ్చరికలు వెలువడుచుండెను. వాటిని పోగొట్టుటకు రెండు పంక్తులను తొలగించిరి. మూలకర్తల చర్చావేదికలో ఈ సంగతిని ప్రస్తావించిరి గాని, మార్పు మాత్రము మూల ప్రోగ్రాములో చేరక డెబియన్ ప్రతిలోనే నిలిచినది.

తొలగించిన పంక్తులలో ఒకటి, ఊహింపరాని సంఖ్యలను తయారుచేయుటకు కావలసిన ముడిసరకును సేకరించు పంక్తి. అది పోవుటచే, నడచుచున్న ప్రోగ్రామునకు యంత్రమిచ్చు గుర్తింపు సంఖ్య తప్ప వేరు భేదము మిగులలేదు. ఆ సంఖ్యలు సాధారణముగా 32,768కి మించవు. అనగా ఒక్కొక్క రకపు రహస్య తాళపుచెవి అన్ని విధములుగానే ఉండగలదు. అన్నింటిని ముందుగానే తయారుచేసికొని ప్రయత్నించుట ఎవరికైనను సాధ్యము. ఆ తరువాత ఓపెన్ యస్.యస్.యల్. క్రొత్త కూర్పులు వచ్చినను, వచ్చినప్పుడెల్ల ఆ మాసికను మరల శ్రద్ధగా వేసిరి. పద్ధతి చక్కగా పనిచేసినది; తప్పును చక్కగా కాపాడినది. 2008 మే నెలలో లూసియానో బెల్లో దీనిని కనుగొన్న పిమ్మట లోపమును దిద్దిరి. కాని దిద్దిన ప్రోగ్రామును తెచ్చుకొన్నంత మాత్రమున చాలలేదు. ఆ కాలమున తయారైన తాళపుచెవులన్నింటిని పారవేసి క్రొత్తవి చేసికొనవలసివచ్చెను.

భద్రతకు సంబంధించిన నవీకరణలను తన మార్పులు పోవునను భయముచే వాయిదా వేయువాడు ఒక అపాయమున పడును. తన మార్పులను మరల పరీక్షింపక మోయువాడు వేరొక అపాయమున పడును. రెండింటినుండియు తప్పించుకొను మార్గమును ఈ చరిత్రయే చూపుచున్నది. మార్పును మూలముతో కలిపివేయక వేరుగా వ్రాసి ఉంచవలెను. దేనిపై చేసితిమో ఆ మూలప్రతిని దాచవలెను. ఎందుకు చేసితిమో ఒక వాక్యమైనను ప్రక్కన వ్రాయవలెను. నలుగురికిని ఉపయోగపడునదైనచో మూలకర్తలకు పంపవలెను. వారు స్వీకరించినచో మోయు భారము తీరును, స్వీకరింపనిచో లోపము బయటపడుటకు అవకాశము కలుగును. క్రొత్త కూర్పు వచ్చినప్పుడెల్ల పాత మార్పులలో ఏది ఇంకను అవసరమో, దేనికి కాలము చెల్లినదో చూడవలెను. యంత్రము మార్పును ఎన్నాళ్లైనను మోయగలదు. అది ఇంకను అవసరమా అను ప్రశ్నను మాత్రము మనిషియే వేసికొనవలెను.